కుట్టా, చిరుగా?

మా అక్క లోతు మనిషి. మా బావ పైపై మనిషి. వాళ్ళ గుణాల సంగతి కాదండోయ్, ఉద్యోగాల సంగతి చెబుతున్నాను. గుణాల మాటకొస్తే బావే కాస్త నయం. ఈ మాట అక్క చెవిన పడినా భయం లేదు. ఆవిడ ఎవరి మాటా వినదు, భూమి మాట తప్ప.

భూమి మాట వినడమే ఆవిడ పని. ప్రపంచంలో ఏ మూల భూకంపం వచ్చినా దాని అలలు భూమి పొట్టలోంచి ప్రయాణం చేసి మిగతా మూలలకి చేరతాయి. అక్క వాటిని పట్టుకుని, ఏ దారిన వచ్చాయి, దారిలో ఎక్కడ కాళ్ళీడ్చాయి అని ఆరా తీస్తుంది. భూకంపం వార్త వినగానే ఆవిడ మొదటి ప్రశ్న "జనం ఎలా ఉన్నారట?" అని. ఆ జవాబు విన్నాకే రెండో ప్రశ్న: "మన దగ్గరికి ఎప్పుడొచ్చింది?" భూమి అంతరంగం తెలియాలంటే తరంగం తప్ప దిక్కు లేదు. కావాలంటే మాటని విరిచి చూసుకోండి, అంతరంగంలోనే ఉంది తరంగం. చల్లగా, గట్టిగా ఉన్న రాతిలో అల పరుగెడుతుంది. వేడికి మెత్తబడ్డ రాతిలో, తడి ఇసుకలో నడిచే మనిషిలా, ఆయాసపడుతూ వస్తుంది. అలా వెనకబడ్డ అల చేసే ఆలస్యానికి ఆఫీసులో నేను పెట్టిన పేరు "అలస్యం". ఎవరూ నవ్వలేదు గానీ, అందరూ వాడుతున్నారు.

బావ అదే సంస్థలో ఇంకో విభాగం, ఆయన పని రాళ్ళు. అగ్నిపర్వతం కక్కిన రాయిని పగలగొట్టి, ఉల్లిపొరంత పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతాడు. మధ్యలో నేను. అక్క ఆఫీసులోనే అంకెల్ని బొమ్మలుగా మార్చే ఉద్యోగం నాది. అల ఆలస్యమైన చోట ఎరుపు వేస్తాను, తొందరపడ్డ చోట నీలం వేస్తాను. చదువు చాలా చదివాను, చివరికి రంగులేస్తున్నాను.

వాళ్ళ కాపురంలో ఉన్న తగాదా ఒక్కటే, అది నడిసముద్రంలో ఉంది. అక్కడొక అగ్నిపర్వతాల వరస. ఈ చివర ఉన్న కొండ ఇప్పటికీ పొగలు కక్కుతోంది. దాని పక్కది చల్లారి చాలా కాలమైంది. ఆ పక్కది అరిగి దిబ్బయింది. ఆ తరవాతవి నీళ్ళ కింద ఉన్నాయి. వరసలో పోయేకొద్దీ వయసు పెరుగుతుంది. ఎందుకలా?

"కుట్టుమిషను చూశావు కదరా," అంటుంది అక్క. "సూది ఉన్నచోటే ఉంటుంది, గుడ్డ జరుగుతుంది. కుట్లు వరసగా పడతాయి. సముద్రం అడుగున ఉన్న రాతి పలక గుడ్డ. దాదాపు మూడు వేల కిలోమీటర్ల లోతులోంచి, భూమి నడిగుండె అంచులోంచి లేస్తున్న వేడి స్తంభం సూది. ఇక్కడ సూది కిందనుంచి పొడుస్తుంది, అంతే తేడా."

"సూదీ లేదు, దబ్బనమూ లేదు," అంటాడు బావ. "పలక లాగుడికి గుడ్డ చిరిగింది. చిరుగు సాగేకొద్దీ కొత్తచోట వేడి పైకి తన్నుకొస్తోంది. అంతా వంద కిలోమీటర్ల లోపు భాగోతం."

అక్కది కుట్టు, బావది చిరుగు. ఆ కొండలకి లోతైన వేరుందని అక్క, వేరే పని లేక అలా అంటోందని బావ. ఒకే ఇల్లు, ఒకే వంట, వేరు దగ్గరే వేరు.

"బావా, నువ్వు అక్షరాలా లోతు లేని మనిషివి," అన్నాను ఒకరోజు. "నీకొక గుడి కట్టామంటే బావివవుతావు. అప్పుడైనా కాస్త లోతొస్తుంది."

"గుడి కట్టాల్సింది 'వ' నెత్తిన కదరా బామ్మర్దీ. నా నెత్తిన ఖాళీ ఎక్కడుంది?"

"నేనున్నాను కదా," అంది అక్క, పక్క గదిలోంచి.

ఈ తగాదా తేలుద్దామని అక్క ఏళ్ళ తరబడి పోరి, మా సంస్థ పెట్టెల్ని ఆ వరస చుట్టూ సముద్రంలో వేయించింది. పెట్టె అంటే సముద్రం అడుగున కూర్చుని నేల అదురు వినే చెవి. బరువు కట్టి దింపుతారు. ఏడాది పాటు అడుగున వింటూ ఉంటుంది. ఓడ వచ్చి కూత పెడితే బరువు వదిలేసి పైకి తేలుతుంది. ఆ పెట్టెలు మళ్ళీ అక్కడికే వెళ్తాయా, ఇంకో సముద్రానికి పోతాయా అన్నది ఈసారి ఫలితం చూసి కమిటీ తేలుస్తుంది. ఇంకో సముద్రానికి పోయాయంటే అక్క ఉద్యోగంలో ఉండగా తిరిగి రావు. ఆ కొండల కింద ఏముందో తెలియకుండానే ఆవిడ ఇంటికి వచ్చేయాలి. "జీతం ఆగిపోతే బతకొచ్చురా, ప్రశ్న ఆగిపోతే ఎలా?" అనేది.

పెట్టెకి ఒక బలహీనత ఉంది. సముద్రం అడుక్కి ఉపగ్రహాల టైము అందదు కాబట్టి, లోపలున్న సొంత గడియారాన్నే నమ్ముకోవాలి. ఏడాది ఒంటరిగా ఉంటే మనిషికే తేదీలు తప్పుతాయి, గడియారం ఎంత? అందుకని పెట్టె పైకి రాగానే దాని గడియారాన్ని అసలు టైముతో పోల్చి, తేడా చెప్పాలి. ఓడ మీద ఆ పని చేసేవాణ్ణి మేం టిక్కు అంటాం. మనిషి మంచివాడే, గొంతే ఇంజనుకి పోటీ.

పెట్టెలు తేలిన రోజున ఫోను చేశాడు. అక్క, బావ, నేను ముగ్గురం వింటున్నాం.

"అమ్మా! అన్నీ వచ్చేశాయి! ఒక్కటీ మునగలేదు! అంటే మునిగాయనుకోండి, తేలాయి కూడా!"

"గడియారాలెలా ఉన్నాయి?"

"చుట్టూ వేసిన కొత్తవి బంగారం! మధ్యలో వేసిన పాతవే ఏడిపించాయి! సెకనూ, సెకనున్నరా ముందుకి జరపాలి! దేనికెంతో అంకెలు పంపిస్తున్నా!"

"ముందుకేనా?"

"ముందుకేనమ్మా, ముందుకే!"

"సరే, ముందుకి," అంది అక్క. అంకెలు వచ్చాయి. అక్క తన చేత్తోనే అలల టైములన్నీ సవరించి నాకిచ్చింది. నేను బొమ్మ వేశాను.

నీలం.

కొండల వరస కింద, ఎరుపు ఉంటుందని ఇన్నాళ్ళూ ఎదురుచూసిన చోట, ఇంకుబుడ్డి ఒలికినట్టు నీలం. అక్క కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "మళ్ళీ వెయ్యి," అంది. మళ్ళీ వేశాను. మళ్ళీ నీలమే. అలలు అక్కడ ఆలస్యం మాట అటుంచి, అందరికంటే తొందరగా వచ్చేశాయి. అంటే కింద చల్లని రాయి.

"అయితే వేరు లేదు," అంది. బరువైన సంచి కింద పెట్టినంత మెల్లగా అంది. తెరకి దగ్గరగా వంగి, "మరి ఏముంది?" అంది.

సాయంత్రం ఇంట్లో చెప్పినప్పుడు బావ గంతులేస్తాడనుకున్నాను.

"గెలిచావు బావా!"

"గెలిచాను," అన్నాడు, జలుబు చేసిందన్నంత నీరసంగా.

"ఏంటండీ, సంతోషం లేదా?" అంది అక్క.

"ఎంత లోతునుంచి చల్లగా ఉంది?"

"పైనుంచి కిందదాకా."

"పైన కూడానా? అదే నాకు మింగుడు పడట్లేదు. నా చిరుగైనా వేడిగానే ఉండాలి కదా? ఆ చివరి కొండ పొగలు కక్కుతోంది. దాని రాళ్ళు నేను చూశాను, కుతకుతా ఉడికి పైకొచ్చినవి. పొయ్యి కింద ఫ్రిజ్ ఎవరు పెట్టారు? ఈ బొమ్మ నీ మాట తప్పంటోంది, బాగుంది. నా మాటా తప్పంటోంది. చివరికి కొండే తప్పంటోంది!"

"అలలు అబద్ధమాడవండీ. నాలుగుసార్లు చూశాను. రేపు కమిటీలో అదే చెబుతాను, వేరు లేదని. నచ్చలేదని దాచుకుంటానా?"

"దాచమనట్లేదు, ఆగమంటున్నా."

"ఇన్నేళ్ళకి గెలిపిస్తుంటే ఓడిపోతానంటారేం?"

"నీ చేతిలో ఓడిపోవడం అలవాటైన పని. ఇలా గెలవడమే ఇబ్బందిగా ఉంది."

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గారి గుమాస్తా ఫోను. "మీ మీటింగు గంట ముందుకి జరిపారండి," అని పెట్టేశాడు.

"లేవండి లేవండి! పదకొండుది పదింటికేనట!" అంటూ అక్క ఇల్లంతా తిరిగేసింది.

బావ గడ్డం గీసుకుంటూ సబ్బు నురగతో బయటికొచ్చాడు. "ముందుకి జరిపితే పన్నెండు కదా?"

"పెళ్ళి ముందుకి జరిపారంటే ఏంటండీ? తొందరగా చేసేస్తున్నారని కాదూ?"

"బండి ముందుకి జరపమంటే ఏంటి? రివర్సులో పోనిస్తామా?"

"మీకు ఎప్పుడూ ముందూ వెనకా చూసుకోవడం తెలీదు. పదండి!"

"నాకు చూసుకోవడం తెలుసు. ముందేదో వెనకేదో నీకే తెలీదు."

కారు నేను నడిపాను. బావ వెనక సీట్లో, ఒక దవడ నున్నగా, ఒక దవడ గరుగ్గా, రెండు పార్టీల ప్రభుత్వంలా కూర్చున్నాడు.

మీటింగు హాల్లో పురుగు లేదు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. నేల తుడుస్తున్నావిడ "తడిగా ఉంది, తొక్కకండి!" అని అరిచింది. తాళాల గుత్తితో గుమాస్తా వచ్చాడు.

"ఏంటమ్మా అప్పుడే వచ్చేశారు? మీటింగు పన్నెండింటికి కదా!"

"మీరేగా గంట ముందుకన్నారు?"

"ముందుకే కదమ్మా. పదకొండుని గంట ముందుకి జరిపితే పన్నెండు. గడియారం ముల్లు ముందుకి జరిపితే ఎటు పోతుంది?"

"నేను చెప్పలే..." అని మొదలెట్టిన బావ, సగంలో నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. నేను ఆయన వంక చూశాను. ఇద్దరం అక్క వంక చూశాం. అక్క తడి నేల మీద నిలబడి, పెదాలు కదుపుతోంది. గడియారం. ముల్లు. ముందుకి.

"ఒరేయ్, టిక్కుకి ఫోన్ కలుపు."

టిక్కు ఇప్పుడు ఓడ దిగి ఇంట్లో ఉన్నాడు. గొంతు మాత్రం ఇంకా దిగలేదు. "చెప్పండమ్మా!"

"గడియారం ముందుకి జరపాలన్నావు చూడు. అంటే ఏంటి?"

"పొద్దున్నే పరీక్షా అమ్మా? ఆ పాత గడియారాలు వెనకబడ్డాయి. వెనకబడ్డదాన్ని ముందుకే తోస్తాం."

"అంటే సెకన్లు కలపాలా?"

"కలపక?" అని ఆగాడు. "మీరేం చేశారు?"

"తీసేశాను."

"అయ్యో! వెనకబడ్డదాన్ని ఇంకా వెనక్కి తోశారా!" అని అరిచాడు టిక్కు.

"అలని ముందుకి జరపడమంటే, అది ఇంకాస్త ముందే వచ్చినట్టు కదయ్యా!" అంది అక్క. "ముందొచ్చింది, తరవాతొచ్చింది అంటాం కదా. ముందు అంటే ముందు!"

"మీరు అల మనిషమ్మా, నేను గడియారం మనిషిని. మీకు ముందైంది నాకు వెనకైంది!"

"అంకె పక్కన కలపమనో తీసెయ్యమనో ఒక గుర్తు పెడితే నీ సొమ్మేం పోయింది?"

"ముందుకేనా అని మీరే అడిగితిరి! ముందుకేనని నేనంటిని! ఇంకేం గుర్తు పెట్టాలి, బొట్టా?"

"ఇద్దరూ సరిగ్గానే అన్నారు," అన్నాడు బావ. "ఒక్క మాట రెండువైపులా జీతం తీసుకుంటే మనుషులేం చేస్తారు?"

నేను అప్పటికే ఒక కుర్చీ దింపి, కంప్యూటరు తెరిచి, తీసివేతని కూడిక చెయ్యబోతున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. నాకు ఎరుపు కావాలని ఎరుపు చేస్తే అది ఫలితమవదు, లిప్‌స్టిక్ అవుతుంది. తప్పు గడియారంలో ఉందో రాతిలో ఉందో ముందు తేలాలి."

"ఏ ముందు?" అన్నాడు బావ.

"మీరు నోరు ముయ్యండి! ఒరేయ్, గడియారం ఒక్కసారిగా వెనకబడదు. నీళ్ళలో వేసినప్పుడు సరిగ్గానే ఉంటుంది, రోజూ కాస్త కాస్త జారుతుంది. నేను ఏడాది అలలన్నీ కలిపి కుప్ప పోశాను. విడదియ్యి. మొదటి నెలలది ఒక బొమ్మ, చివరి నెలలది ఒక బొమ్మ. రాయి ఏడాదిలో మారదు. బొమ్మ మారిందంటే గడియారమే దొంగ."

విడదీశాను. నేల తుడుస్తున్నావిడ కూడా తుడుపుకర్ర ఆనించుకుని చూస్తోంది. మొదటి నెలల బొమ్మ వచ్చింది. వరస కింద ఎరుపు. లేతగానే ఉంది గానీ ఎరుపే. నడుమ నెలల బొమ్మ వేశాను, వెలిసిపోయింది. చివరి నెలల బొమ్మకి చిక్కని నీలం.

"ఏడాదిలో భూమి చల్లారిపోయిందన్నమాట," అన్నాడు బావ. "నా టీ కప్పు నయం."

అప్పుడు అక్క తలూపింది. నేను తీసివేతని కూడిక చేశాను. మొదటి నెలలు, నడుమ నెలలు, చివరి నెలలు, మూడు బొమ్మలూ ఒకే ఎరుపుకి వచ్చాయి, ఒకే తల్లి పిల్లల్లా. అక్క కుర్చీ కోసం చూడకుండా తడి నేల మీదే కూర్చుంది.

"అన్నీ కలిపి వెయ్యి," అంది. "లోతుగా. ఎంత లోతు పోతే అంత."

ఎరుపు కొండల కింద మొదలైంది. పైన పలక అడుగున వరస పొడవునా పాకి ఉంది. బావ వేలు పెట్టాడు. "చూశావా, ఇక్కడ చిరుగులానే ఉంది."

"కిందకి రండి," అంది అక్క.

వంద కిలోమీటర్లు దాటింది. మూడు వందలు దాటింది. బావ వేలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఎరుపు ఇంకా దిగుతూనే ఉంది. అయితే అక్క ఇన్నేళ్ళూ గీసినట్టు నిలువుగా దిగలేదు. గాలికి పొగ వాలినట్టు ఒక పక్కకి ఒరిగింది. ఒరిగి ఒరిగి, వెయ్యి కిలోమీటర్లు దాటాక బొమ్మ అంచు తాకి బయటికి వెళ్ళిపోయింది. ఆ అవతల మా పెట్టెలు లేవు. ఎరుపూ లేదు, నీలమూ లేదు, తెల్ల కాగితం.

"నా సూది వంకర," అంది అక్క, ఆశ్చర్యంగా.

"నీ దగ్గర అన్నీ తిన్నగా ఉంటాయనుకున్నావేంటి?"

ఆవిడ ఆ అంచు మీదే చూపు పెట్టింది. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరిన మొహం వేరు, ఈ మొహం వేరు.

కమిటీ పెద్దలు వచ్చేసరికి మేం ముగ్గురం ఇంకా ఆ కంప్యూటరు దగ్గరే ఉన్నాం. చీర అంచు తడిసిన శాస్త్రవేత్తనీ, సగం గడ్డం ఉన్న ఆవిడ మొగుణ్ణీ చూసి అధ్యక్షుడు ఏదో అడగబోయి మానుకున్నారు. అక్క లేచి, మొదట తన తప్పు చెప్పింది. ముందు అనే మాటని తాను ఏ వైపు తిప్పిందో, దానివల్ల ఎరుపు నీలమెలా అయిందో, మూడు బొమ్మలూ చూపించి చెప్పింది. ఒకాయన నవ్వబోయాడు. పక్కాయన "మొన్న మా అబ్బాయి పరీక్ష ముందుకి జరిపారంటే..." అని మొదలెట్టి మొహం మాడ్చుకున్నాడు.

"సరేనమ్మా," అన్నారు అధ్యక్షుడు. "ఒక్క ముక్కలో చెప్పండి. ఆ కొండలకి లోతున వేరుందా, లేదా?"

"ఉందండి. ఎక్కడిదాకా పోయిందో మాత్రం తెలీదు."

"అందుకని పెట్టెలు మళ్ళీ ఆ వరస దగ్గరే వెయ్యమంటారు."

ఆ వరస పేరు చెప్పి అక్క సగం జీవితం గడిపింది. "వద్దండి," అంది. "అక్కడ చూడాల్సింది చూసేశాం. ఇదిగో, ఈ పక్కన వెయ్యాలి."

"ఆ పక్కన ఏ కొండలున్నాయి?"

"ఏవీ లేవు. ఖాళీ సముద్రం."

హాల్లో గుసగుసలు. అగ్నిపర్వతాల కోసమని ఓడ పంపి, అగ్నిపర్వతమే లేని చోట పెట్టెలు దింపడమేంటని ఒకాయన పైకే అన్నాడు. అప్పుడు వెనక వరసలో బావ లేచాడు, నున్నటి దవడ కమిటీ వైపుంచి.

"అయ్యా, ఈవిడ మాట తప్పని చెప్పడమే ఇన్నేళ్ళుగా నా పని. ఆఫీసులో కొంత, ఇంట్లో మిగతాది. ఆ వేరు భూమి నడిగుండె దాకా పోతుందంటే నేనిప్పటికీ ఒప్పుకోను. మధ్యలోనే ఆగుతుందంటాను. కానీ ఒప్పుకోకపోవడానికి కూడా నాకు ఆధారం కావాలి కదండీ. ఆ తెల్ల కాగితం మీద నేనేం చూపించి పోట్లాడను? పెట్టెలు పంపండి."

"భార్యాభర్తలు పోట్లాడుకోవడానికి ప్రభుత్వం ఓడ పంపాలా?" అన్నారు అధ్యక్షుడు.

"అవునండి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అధ్యక్షుడు నవ్వాపుకోలేకపోయారు. కాసేపు పక్కవాళ్ళతో తలలు కలిపి, "పంపుతాం," అన్నారు. "ఖాళీ సముద్రానికే పంపుతాం. ఆ పాత పెట్టెలు మాత్రం వద్దు. తక్కువైనా కొత్తవే తీసుకెళ్ళండి."

పెద్దలు వెళ్ళిపోయారు. గుమాస్తా తాళాలు గలగలలాడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. మేం కదల్లేదు. అక్క ఇంకా ఆ తెల్ల అంచునే చూస్తోంది.

"ఇక్కణ్ణుంచి ఎటు పోయి ఉంటుందంటారు?" అంది.

బావ తిన్నగా కిందకి చూపించాడు, అక్కడితో ఆగిపోతుందన్నట్టు. నేను ఇంకా పక్కకి చూపించాను, రంగు ఎటు వాలితే అటు పోవడం నా అలవాటు. అక్క మా ఇద్దరి వేళ్ళకీ మధ్యలోంచి ఏటవాలుగా తన వేలు పోనిచ్చి, బల్ల అంచు దాటించి, గాల్లో ఆపింది.

"మీ ఇద్దరి వైపూ కొన్ని పెట్టెలు వేద్దాంలెండి," అంది. "నా వైపు ఎక్కువ వేద్దాం."